ముదీర్ కాపలా కాసిన వాకిలి

కరోనా రోజుల్లో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. పూర్వం కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి పడకగది కాపలాదారుడొకడు మంత్రులందరినీ గుప్పిట్లో పెట్టుకున్నాడట. ఓస్, ఇంతేనా అనుకున్నాను. గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో, మాకు వీసా ఇచ్చిన యజమాని, అదే మా కఫీల్ ఇంట్లో అలాంటివాణ్ణి రోజూ చూస్తూనే ఉన్నానుగా!

ఆయన హైదరాబాదీ. డ్రైవరుగా వచ్చాడు. కారు తాళాల తర్వాత ఇంటి తాళాలు, ఆపైన ముసలి కఫీల్ ఫోను ఆయన చేతికొచ్చాయి. చివరికి కఫీల్ అందరినీ కలిసే పెద్ద హాలు, ఆ మజ్లిస్ వాకిలే ఆయనదైపోయింది. మేనేజరు అన్నట్టు ముదీర్ అని పిలిచేవాళ్ళం. ఆయన సరేననందే ఎవరి గోడూ కఫీల్ చెవిన పడేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?

నేను మజ్లిస్‌లో వచ్చినవాళ్ళకు గహ్వా, అదే అరబ్బు కాఫీ, పోసేవాణ్ణి. కఫీల్ ఖర్జూరం తోటలో మా అన్న చెట్లెక్కేవాడు. ఒకరోజు పైనుంచి పడి మోకాలు చితికింది. ఆపరేషన్ చేస్తే నడుస్తాడన్నాడు డాక్టరు.

"ఆపరేషన్ లేదు, గీపరేషన్ లేదు. ఖలాస్. టికెట్ తీస్తున్న, ఇంటికి పోనీ" అన్నాడు ముదీర్. నాకు ఒళ్ళు మండిపోయింది. కుంటికాలితో ఊరికి పోయి ఏం చేసుకుని బతకాలి?

ఇక్కడి అరబ్బుల్లో ఒక రివాజుంది. అతిథి గహ్వా తాగకుండా కప్పు కింద పెడితే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. యజమాని అదేమిటో కనుక్కుని తీరాలి. రంజాన్ పండగనాడు మజ్లిస్‌లోకి పనివాళ్ళనూ రానిస్తారు. "కప్పు తీసుకో గానీ తాగొద్దు, అన్నా. కింద పెట్టెయ్. అయ్యేది కానీ" అని అన్నకు ముందే చెప్పాను.

అన్న అలాగే చేశాడు. అందరి చూపూ ఆ కప్పు మీద పడింది. "ఏం కావాలి నీకు?" అని కఫీల్ అరబ్బీలో అడిగాడు. అన్నకు అరబ్బీ రాదు. ముదీర్ చటుక్కున ముందుకొచ్చి, "పండగ సలాం చెప్పడానికొచ్చాడు" అనేశాడు.

గహ్వా పోసేవాడు అక్కడ నోరు విప్పకూడదు. అయితే ఏంటట? "అబద్ధం! ఈయన మా అన్న. మీ చెట్టు మీంచే పడ్డాడు. కాలు బాగుచేయించండి" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.

కఫీల్ వంగి మా అన్న కాలివైపు చూశాడు. "ఆసుపత్రికి తీసుకెళ్ళు, యల్లా" అని ముదీర్‌కే చెప్పాడు. అప్పుడు తాగాడు అన్న.

మర్నాడే ముదీర్ నన్ను మేకల దొడ్డికి తోలాడు. ఆయన్ని మాత్రం ఎవరూ కదపలేదు. కొన్ని నెలల తర్వాత దొడ్డికొచ్చి, "మాఫీ అడుగురా, మళ్ల లోపలికి తీస్కుంట" అన్నాడు.

"అదో, మా అన్న నడుచుకుంటా వస్తాండాడు సూడు సార్" అన్నాను. "మాఫీ ఆయన్ని నువ్వడుగు."