ముక్కు మేస్త్రి

మా అన్నయ్యను రేవులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ముక్కు మేస్త్రి అంటారు. అది వెక్కిరింత కాదు, బిరుదు. పాత పడవల పెట్రోలు ట్యాంకులకు చిల్లులు పడితే మాటు వేసేవాడు మా అన్నయ్య. నేను ముక్కు మేస్త్రి తమ్ముణ్ణి. ముప్పై ఏళ్ళుగా అన్నయ్య షెడ్డులోనే పడవల చెక్క పని చేస్తున్నాను, ఒక్క వెధవ కూడా నన్ను వడ్రంగి అని పిలిచిన పాపాన పోలేదు. ఈ ఇంట్లో ముక్కు ఈయనది, ముక్కు మీద కోపం మరిదిది అని మా వదిన నవ్వేది.

తెలియనివాళ్ళు పెట్రోలు నిండుగా ఉన్న ట్యాంకును చూసి భయపడతారు. ఒంపేసిన ట్యాంకును చూసి భయపడాలి. లోపల ఆవిరి నక్కి ఉంటుంది. మంట చూపిస్తే చాలు, మనిషి మిగలడు. అందుకని అన్నయ్య బట్టల సోడా వేసిన వేడినీళ్ళతో మూడుసార్లు కడిగేవాడు. ఎండలో పెట్టేవాడు. తరవాత ట్యాంకు మూతికి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా ఊపిరి పీల్చేవాడు. ఏమాత్రం వాసన తగిలినా “ఇంకా మెలకువగానే ఉంది” అని మళ్ళీ కడిగేవాడు. లేకపోతే “నిద్రపోయింది” అనేవాడు. ఆ మాట అన్నాకే మంట చిమ్మే బ్లోల్యాంపు వెలిగేది. ఆ మాట వినబడేదాకా షెడ్డులో ఎవడూ అగ్గిపెట్టె కూడా జేబులోంచి తీసేవాడు కాదు. ఇన్నేళ్ళలో అన్నయ్య నిద్రపుచ్చిన ట్యాంకు ఒక్కటి కూడా లేవలేదు.

కిందటి వానాకాలంలో అన్నయ్యకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. జ్వరం పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు ఎలా తెలిసిందంటే, ఒకరోజు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, మాడి, గిన్నె నల్లబడిపోయింది. వీధిలోకే కంపు కొడుతోంది. పొయ్యికి నాలుగడుగుల దూరంలో అన్నయ్య కుర్చీలో కూర్చుని ఒక ట్యాంకు మూతకు పట్టిన తుప్పు గీకుతున్నాడు. నేను పరుగున వెళ్ళి పొయ్యి ఆర్పాను. అన్నయ్య గిన్నె వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. అంతే. దాని గురించి మా ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా నడవలేదు.

ఎందుకు అడగలేదంటారా? ఏమని అడగను? ఆ ముక్కు పోయిందంటే అన్నయ్యకు ఇంకేం మిగులుతుంది? ఉత్త మేస్త్రి. రేవు నిండా ఉత్త మేస్త్రులే. అందుకని ఆ రోజు నుంచి నేనే వాసన చూడడం మొదలుపెట్టాను, దొంగచాటుగా. అన్నయ్య ట్యాంకు మూతికి ముక్కు పెట్టి, పాత పద్ధతిలోనే కళ్ళు మూసుకుని, “నిద్రపోయింది” అని కొళాయి దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవాడు. టేపు మరిచిపోయాననో, సుత్తి కనబడట్లేదనో నేను ఆ వంకన ట్యాంకు దగ్గరికి పోయి ముక్కు పెట్టేవాణ్ణి. రెండుసార్లు లోపల ఆవిరి ఉంది. “చెమ్మ ఇంకా ఆరలేదన్నయ్యా, ఇంకోసారి కడిగి ఎండలో పెడతా” అంటే “అలాగే పెట్టు” అన్నాడు. పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. నిజం చెప్పొద్దూ, నాకది తీపిగా ఉండేది. ఇన్నాళ్ళకు అసలు ముక్కు నాదయింది, ఆ సంగతి ఈ మహానుభావుడికి తెలియదు అనుకుని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

అలా ఏడు నెలలు గడిచాయి. అప్పుడు డాక్టరుగారి పడవ వచ్చింది.

అది నాకంటే వయసులో పెద్దది. నల్లటి చెక్క, ఇత్తడి కమ్మీలు, ఆయన తండ్రి కట్టించుకున్నది. ట్యాంకు పడవ ముందు భాగంలో, డెక్కు చెక్కల కింద ఉంది. ముందు ట్యాంకు కూర్చోబెట్టి, ఆ పైన పడవ కట్టారు. దాన్ని బయటికి తియ్యడానికి ఒక్క చెక్క విరగకుండా డెక్కు విప్పేసరికి నాకు మూడు రోజులు పట్టింది. తీశాక చూస్తే అడుగంతా జల్లెడ. నేను కొత్త ట్యాంకు చేద్దామన్నాను. డాక్టరుగారు వినలేదు. “ఆ ట్యాంకు మా నాన్నగారు దగ్గరుండి చేయించుకున్నది. అది మారిపోతే ఇంకేం మిగిలింది పడవలో?” అన్నారు. “మీరేం దిగులు పడకండి, బాగు చేస్తాను” అన్నాడు అన్నయ్య.

రెండు రోజులు కడిగాడు. మూడోరోజు మధ్యాహ్నం డాక్టరుగారు చూడ్డానికి వచ్చారు. నేను ఆగలేకపోయాను.

“అన్నయ్యా, నా మాట విను. లోపల మూడు గదులున్నాయి. అడ్డరేకుల కంతలన్నీ పాత పెట్రోలు జిగురుతో మూసుకుపోయి ఉంటాయి. నువ్వెంత కడిగినా మధ్య గదిలోకి నీళ్ళు వెళ్ళాయో లేదో ఎవడికి తెలుసు?”

“నాకు తెలుస్తుంది.”

“ఎలా?”

అన్నయ్య డాక్టరుగారి వైపు తిరిగి, తన ముక్కు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. “ఇది ఎందుకుందిరా మరి? నువ్వు వెళ్ళి నీ చెక్కలు చూసుకో” అన్నాడు. డాక్టరుగారు నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ముక్కు చచ్చి ఏడు నెలలైంది, దాన్ని మోస్తున్నది నేను అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగకుండా అనేసి ఉంటే ఎంత బాగుండేది! చేతిలో ఉలి బల్ల మీదికి విసిరికొట్టి, వీధికి అవతల ఉన్న టీ కొట్టుకు వెళ్ళి కూర్చున్నాను.

కాసేపటికి డాక్టరుగారి కారు వెళ్ళిపోయింది. వదిన భోజనం క్యారియరు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళడం కూడా చూశాను. అప్పుడు వినిపించింది అన్నయ్య గొంతు.

“నిద్రపోయింది!”

ఎప్పుడూ ఆ మాట తనలో తాను అనుకున్నట్టు అనేవాడు. ఆ రోజు వీధి దాటి వినబడేలా అరిచాడు. డాబు చూడు డాబు అనుకున్నాను. ఒక్కసారైనా తనంతట తాను వచ్చి పిలవనీ, కాళ్ళు పట్టుకోమనడం లేదుగా, ఒరేయ్ తమ్ముడూ అని ఒక్క మాట, అప్పుడు వెళ్దాం. ఇంకో టీ చెప్పాను. ఆ టీ సగం తాగి ఉంటాను.

ఆ చప్పుడు గురించి నేను చెప్పలేను. షెడ్డు రేకులు రెండు లేచిపోయాయి. నేను వెళ్ళేసరికి అన్నయ్య గోడకు చేరబడి కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు. ఎడమ కన్ను పోయింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. వదిన అప్పటికే తిరిగి వెళ్తూ గేటు దగ్గర ఉంది కాబట్టి బతికింది.

ఆసుపత్రి వరండాలో వదిన ఏడుస్తూ, మధ్యమధ్యలో ఆగి చెప్పింది. “ఎంతసేపు చేతులు కడుక్కున్నారో తెలుసా? అలా కడుగుతూనే ఉన్నారు. చెయ్యి అరిగిపోతుందయ్యా, అన్నం చల్లారిపోతోంది అన్నాను. ‘వాడు రాలేదా?’ అన్నారు. టీ కొట్టు దగ్గర ఉన్నాడు అన్నాను. మళ్ళీ మొహం కూడా కడుక్కున్నారు. ‘సరేలే, నేను ఇటు తిరిగినప్పుడు వచ్చి చూసుకుని పోయుంటాడు’ అన్నారు. ఏం చూసుకోవడం? నాకేం అర్థం కాలేదు.”

నాకు అర్థమైంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పాలు మాడిన రోజు నుంచీ అన్నయ్యకు అంతా తెలుసు. కొళాయి దగ్గర కావాలనే ఆలస్యం చేసేవాడు. ఆ రోజు అరిచింది డాబుకు కాదు, నన్ను రమ్మని.

నాలుగో రోజున అన్నయ్య మాట్లాడాడు. వదిన మందుల కోసం కిందికి వెళ్ళింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

“నువ్వు చూశావు కదరా ట్యాంకు?”

లేదని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను.

“చూశానన్నయ్యా” అన్నాను.

“వాసన రాలేదా?”

“రాలేదు.”

అన్నయ్య చాలాసేపు నా వంకే చూశాడు. అబద్ధం పట్టేశాడనుకున్నాను. మిగిలిన ఆ ఒక్క కంట్లోంచీ నీళ్ళు కారాయి. “అయ్యో, నీకూ పోయిందిరా!” అన్నాడు. కట్లు కట్టిన చెయ్యి తెచ్చి నా మోకాలి మీద పెట్టాడు. “ఎన్నాళ్ళయింది? నాకు చెప్పడానికి సిగ్గుపడ్డావా? నేనూ అంతేగా, నేను మాత్రం నీకు చెప్పానా? పోనీలే. నీకేం కాలేదు, అదే చాలు. ఇక జన్మలో ట్యాంకు దగ్గరికి వెళ్ళకు. నా మీద ఒట్టు.”

ఒట్టు వేశాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ అన్నయ్య అదే చెప్పాడు. మా తమ్ముడికి కూడా ముక్కు పోయింది, పాపం బయటికి చెప్పుకోలేదు, వాడి తప్పేం లేదు, వాడి చేత నిప్పు పని చేయించకండి అని బతిమాలాడు. అందరూ నా భుజం తట్టి వెళ్ళారు. డాక్టరుగారు ఒకసారి పళ్ళు పంపించి ఊరుకున్నారు. పడవను వేరే షెడ్డుకు తీసుకెళ్ళి, కొత్త ట్యాంకు పెట్టించుకున్నారు.

ఇప్పుడు రోజు విడిచి రోజు అన్నయ్య చేతులకు కట్లు మార్చాలి. వదినకు అది చూసే ధైర్యం లేదు. నేనే మారుస్తాను. గుడ్డ విప్పగానే గది అంతా కాలిన పుండ్ల వాసన కమ్ముకుంటుంది. పళ్ళ బిగువున ఊపిరి బిగబట్టి, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా మందు రాస్తాను.

“మిగతావాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతున్నార్రా” అన్నాడు నిన్న అన్నయ్య. “నీకు తెలియదు కాబట్టి సరిపోయింది. ఆ ఒక్కటీ మనకు మంచే జరిగింది.”

“అవునన్నయ్యా, నాకేం తెలియట్లేదు” అన్నాను.