ఉల్లి వేరులో పదహారు

విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర ప్రయోగశాలలో స్లైడ్లు తయారుచేసే ఆవిడని విద్యార్థులు చాటుగా వేలిముద్ర మేడమ్ అనేవారు. చదువు రాక కాదు, సైన్సు డిగ్రీ ఉంది. రంగులో నానిన ఉల్లి వేరు కొనని గాజుపలక మీద పెట్టి, పల్చటి అద్దం మూసి, పైన అద్దుడు కాగితం వేసి బొటనవేలితో నొక్కాలి. కణాలు చితికి, వాటిలోని క్రోమోజోములు విడివిడిగా పరుచుకోవాలి. వేలు పక్కకి జారిందా, ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి, లెక్క గోవిందా. ఆవిడ వేలు జారదు.

మనిషికి నలభై ఆరు క్రోమోజోములు. బంగాళదుంపకి నలభై ఎనిమిది, కుక్కకి డెబ్భై ఎనిమిది, ఉల్లికి పదహారు. అంకెలతో గొప్పతనం కొలిచే పనైతే వీధికుక్క ఎదురైతే చెప్పులు విప్పి పక్కకి తప్పుకోవాలి. ఏటా కొత్త పిల్లల్ని ఈ మాటతో నవ్వించే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి ఒక అంకె దగ్గరే బిగుసుకుపోయింది: ఆ గదిలో పనొచ్చిన చేతులు ఒక్క జతే ఉండాలి.

రెండో జత ఇంట్లోంచే వచ్చింది. మరిది భార్యని అదే ప్రయోగశాలలో తాత్కాలికంగా తీసుకున్నారు. పదహారూ లెక్కకొచ్చే స్లైడు సొంతంగా చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి.

"అక్కా, నాది ముద్దయిపోతోంది. కిటుకేమైనా ఉందా?" అని వంటింట్లో అడిగింది చిన్నది.

"కిటుకేంటే, గట్టిగా నొక్కడమే. తింటున్నావుగా!"

నొక్కే ముందు అద్దం మీద అగ్గిపుల్లతో మెల్లగా తట్టాలి. ఆ ముక్క మింగేసింది.

"మీ ఇద్దరికీ కలిపి ఎన్నే అవి?" అంది అత్తగారు.

"తొంభై రెండు, అత్తయ్యా."

"అన్నుండీ వంటలో ఉప్పు సరిగ్గా పడదేం!"

పరీక్ష రోజు డిపార్ట్‌మెంటు హెడ్డు గారు తన గదిలోంచే కేకేశారు. "అమ్మా, మీ తోటికోడలు పదిహేనే వచ్చాయని ఏడుపు మొహం పెట్టింది. కాస్త మీరు చూడండి. తేడా ఉంటే నేనొచ్చి చూస్తాను."

ఆవిడ సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. పదిహేను. హమ్మయ్య అనుకుంది. అలవాటుకొద్దీ ఫోకసు మర పావువంతు తిప్పింది. ఒకదాని కింద ఇంకొకటి తేలింది. పదహారు.

అంతటితో లేచిపోతే బాగుండేది. పలకని పక్కకి జరిపింది. చిన్నది చూడని తక్కిన కణాల్లో క్రోమోజోములు చిక్కు తీసిన జుట్టులా, దేనికది, నిలువునా పరుచుకుని ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆవిడ బొటనవేలికి అలాంటి కణం ఒక్కటీ దొరకలేదు.

"దేంతో తట్టావే?"

"పెన్సిలు వెనక రబ్బరుతో అక్కా. మొన్న నువ్వు అగ్గిపుల్లతో తడుతుంటే చూశా, పుల్లయితే నా చేతిలో అద్దం పగులుతుందేమోనని."

రబ్బరు! ఆవిడకి చెవులు వేడెక్కాయి. పదిహేనంటే పీడా పోతుంది. కానీ హెడ్డు గారు వస్తారు. ఆయన లెక్కతో ఆగే మనిషి కాదు, పలకంతా జరిపి చూస్తారు. చూశాక రేపట్నుంచి పిల్లల ముందు ఎవరి స్లైడు పెడతారో ఆవిడకి తెలుసు.

"పదహారే సార్!" అని అరిచింది. "మీరు రానక్కర్లేదు."

"మీరు చూశాక ఇంక నేనెందుకు? ఆ అమ్మాయిని సంతకానికి రమ్మనండి."

దీనికి పెద్దమనసని పేరు పెట్టనక్కర్లేదు. పెట్టింది చిన్నదే. వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. "నువ్వు లేకపోతే నా పని అయిపోయేది అక్కా! దీన్ని ఒక ఫొటో తీద్దామా?"

"ఫొటో ఏంటే, సాయంత్రానికి ఎండిపోయే స్లైడుకి!" అంటూ ఆవిడ పలకని పట్టుకుపోయి కుళాయి తిప్పింది. ఎర్రరంగు నీళ్లలో కలిసిపోయింది.

చిన్నది ముక్కు తుడుచుకుని, పనికిరాకుండా పోయిన తన స్లైడ్ల పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది.

"ఎలాగూ కడుగుతున్నావుగా, ఇవి కూడా కానిచ్చెయ్ అక్కా. నేను సంతకం పెట్టొస్తా."