నాట్ ఫర్ చిల్డ్రన్

ఇల్లందు నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో నా ఇంగ్లీషుతో ఒక పసిపాప ప్రాణం కాపాడాను. అలా చెప్పుకోవడం నాకిష్టం కానీ, జరిగింది వేరు.

పక్కసీట్లో ఒక తల్లి, ఒళ్లో దగ్గుతున్న పాప. మొగుడు తాగే దగ్గుమందు మూతలో పోసి పట్టుకుని, సీసా నాకిచ్చింది.

"దీని మీద ఏం రాసిండ్రో జర చదువు తాతా."

"నాట్ ఫర్ చిల్డ్రన్!" అని గట్టిగా చదివాను. ఇంగ్లీషులో వద్దన్న మాట ముందే వస్తుంది, మనకు చివర్న వస్తుంది. "అంటే, పిల్లలకు..." అని, బస్సంతా నావైపు తిరగాలని కాసేపు ఆగాను. ఆమె మందు పాప నోట్లో పోసేసింది.

"...పొయ్యొద్దమ్మా!"

పాప మొహం చిట్లించి మందంతా నా చొక్కా మీద ఉమ్మేసింది.

అయినా దిగేటప్పుడు, "నేను చదవబట్టి పాప బతికింది" అన్నాను.

"నువ్వేం బతికించినవ్ తాతా? చేదుగున్నదని నా బిడ్డే ఉమ్మేసింది."