రేపు చెప్తానండీ

మామిడి పూత విచ్చుకున్నాక మందు కొట్టకూడదని మా రెడ్డిగూడెంలో బడి పిల్లలకు కూడా తెలుసు. తేనెటీగలు చస్తాయి, పిందె పట్టదు. పెళ్లికి ముందు నుంచీ తోట చేస్తున్న మా ఆయన ఆ ఉదయం నిండు పూత మీద మందు కొడుతున్నారు. ఇదేంటండీ అని అడిగితే, ఎందుకు కొట్టకూడదో ఆయనే నాకు వివరంగా చెప్పారు. చెబుతూనే కొడుతున్నారు.

అంతకు కొన్ని వారాల ముందే హనుమాన్ జంక్షన్ దగ్గర బైక్ మీద నుంచి పడి ఆయన నుదురు పగిలింది. సీటీ స్కాన్ తీసిన డాక్టరు, "చిన్న కంట్యూషన్, మెదడు కాస్త కమిలిందంతే. నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, ఇంకేం కావాలమ్మా?" అని పంపేశాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నడిచి మాట్లాడితే చాలా మనిషికి?

మావాళ్లు ఇంకా ఘనం. తాగుడు మరిగాడంది తోడికోడలు. పిచ్చి పట్టింది, ప్రార్థన పెట్టించమన్నాడు మరిది. ప్రార్థన నేనూ చేశాను. చేసి, విజయవాడలో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాను.

ఎమ్మారై చూసి, నుదుటి వెనకుండే మెదడు, ఫ్రంటల్ లోబ్, అడుగుభాగం దెబ్బతిందన్నారావిడ. రెండు రంగుల కార్డులు పెట్టి ఆట ఆడించారు. ముందు ఎర్రది గెలిచేది, తర్వాత నీలిది గెలిచేలా మార్చారు. ఎర్రది ఓడుతోందని ఆయనే నోటితో అంటున్నారు, చెయ్యి మాత్రం ఎర్రదాని మీదికే పోతోంది.

"కోతులకూ ఇలాంటి పరీక్షే పెట్టి చూశారమ్మా. ఈ భాగం దెబ్బతింటే, గింజ పక్క గిన్నెలోకి మారినా కోతి పాత గిన్నెలోనే చెయ్యి పెడుతూ ఉంటుంది. తెలివి పోలేదు. తెలిసినదాన్ని బట్టి నిర్ణయం మార్చుకోవడం కష్టమవుతోంది," అన్నారు.

కోతితో పోల్చారని నాకు కోపం రాలేదు. ఆయన్ని పిచ్చివాడు అననిది ఆవిడ ఒక్కరే.

మాత్రలు, థెరపీ మొదలయ్యాయి. దెబ్బ తగిలాక వచ్చిన కోపం, చిరాకు తగ్గాయి. కుదుటపడ్డారనుకున్నాను. మా వైపు పూత మీదే కాపు అమ్ముతాం. వ్యాపారి ఇచ్చిన బయానా చేతిలో పడితే కాపు అతనిదే, కాగితం అక్కర్లేదు. మరుసటి ఏడు, ఆసుపత్రికి యాపిల్ పళ్లు పట్టుకొచ్చి పరామర్శించిన వ్యాపారే నేను బడిలో పాఠం చెబుతున్న వేళ చూసి వచ్చాడు. సగం ధరకు బయానా చేతిలో పెట్టి పోయాడు.

ఎందుకు తీసుకున్నారండీ అని అడిగాను.

"తక్కువని తెలుసు. ఇచ్చాడుగా, తీసుకున్నాను," అన్నారు. ఆ తర్వాత తల పట్టుకుని ఏడ్చారు.

బయానా తిరిగిచ్చేద్దామని వెళ్తే, మగాడి మాటకు విలువ లేదా అని నన్నే దబాయించాడు. అతన్ని నేను క్షమించలేదు. క్షమించమని పాస్టరుగారు చెప్పినా క్షమించలేదు.

అప్పుడు థెరపిస్టు ఆయనకు ఒకే మాట నేర్పింది. ఎవరేం అడిగినా "రేపు చెప్తానండీ" అనాలి. అలవాటు కావాలని రోజూ కాఫీ ఇస్తూ నేనే వ్యాపారిలా అడిగేదాన్ని, కాపు ఇస్తారా అని. మొదట్లో ఇస్తానని కాఫీ అందుకునేవారు.

తలకు దెబ్బ తగిలినవాళ్లు ఇంట్లో ఉంటే, నిర్ణయాలు ఎలా తీసుకుంటున్నారో కూడా పరీక్షించమని డాక్టర్ని గట్టిగా అడగండి. అంతా బాగుందని పంపేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ ఏడు పూతకు ఆ వ్యాపారి మళ్లీ వచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఆయన్నే చూస్తున్నాను. డబ్బు ముందుకు చాపాడు. మా ఆయన కుడిచెయ్యి లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించుకున్నారు.

"రేపు చెప్తానండీ."