మొదటి పేజీ చిదంబరరావు

మాచర్ల బస్టాండు పక్క సెలూన్లో పేపరు మొదటి పేజీ ఎరువుల కొట్టు చిదంబరరావుది. గడ్డానికి నురగ ఉండగానే కళ్ళజోడు తగిలించుకుని, ఏ దేశం దగ్గర ఎన్ని అణుబాంబులున్నాయో, ఏ క్షిపణి ఎంత దూరం పోతుందో గొంతెత్తి విడమరిచి చెబుతాడు. సెలూను వెంకటేశు కత్తెర ఆపి మరీ వినేవాడు. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాక వినేవాళ్ళంతా మూల బెంచీ వైపు తిరిగిపోయారు. అక్కడ ఒళ్ళో ఫోను పెట్టుకుని బ్రహ్మయ్య కూర్చుంటాడు. అతని కొడుకు గోపి కాశ్మీరులో జవాను.

ఇవాళ చిదంబరరావు అణుయుద్ధం దగ్గరికి వచ్చేసరికి వెంకటేశు అడ్డొచ్చాడు. "గోపి ఫోన్ చేశాడా బాబాయ్?"

"చేశాడయ్యా. అన్నం తిన్నానన్నాడు."

ఆ ఒక్క ముక్కకే సెలూనంతా ఊపిరి పీల్చుకుంది. చిదంబరరావు పేపరు మడిచేశాడు.

మధ్యాహ్నం ఇంట్లో ఎదురుగా కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్న తన కొడుకు వంక చానాసేపు చూశాడు. "నువ్వు గూడా మిలటరీకి పోయుంటే బాగుండేదిరా!"

వడ్డిస్తున్న భార్య కనకలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏందయ్యా నువ్వనేది?"

చిదంబరరావు తల దించుకున్నాడు.

"బ్రహ్మయ్యకి టీ గూడా బెంచీ కాడికే తెచ్చిస్తన్నారే," అన్నాడు.