సియామక్ దర్బారు

టొరంటో ఉత్తరపు కొసన, యంగ్ వీధిలో, రొట్టెల బట్టీ పక్కన ఒక టీ దుకాణం ఉంది. శనివారం సాయంత్రాలు దాని వెనక బల్ల దగ్గర సియామక్ కొలువు తీరేవాడు. అతను పీహెచ్‌డీలో చేరి ఎనిమిదేళ్ళయింది. అందులోంచి తను బయటపడే దారి దొరకలేదు గానీ, ఇతరులు అందులోకి దూరే దారి మాత్రం తనకొక్కడికే తెలుసన్నట్టు మాట్లాడేవాడు. ఇరాన్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు, ఇంజనీరింగ్‌లో పైచదువు సీటు కోసం తిరిగేవాళ్ళు చుట్టూ మూగేవారు. ఎవరో ఒకరు టీ తెచ్చిపెట్టేవారు. అతను చక్కెర పలుకు పళ్ళ మధ్య పెట్టుకుని, గుటక గుటకకీ ఒక్కో జాతకం చెప్పేవాడు.

గుల్నార్‌ను అక్కడికి తీసుకెళ్ళింది ఆమె భర్త పెజ్మాన్. ఆమె అహ్వాజ్ పిల్ల. కారూన్ నది కరకట్టల మీద ఆరేళ్ళు ఇంజనీరుగా పని చేసింది. పెజ్మాన్‌కు ఇక్కడ సీటు రావడంతో ఉద్యోగం వదులుకుని వెంట వచ్చి, ఒక మిఠాయి దుకాణంలో పెట్టెలు కడుతోంది. నదుల మీద మాస్టర్స్ చేయాలని ఆమె పట్టుదల. మనిషిలో వినయం తక్కువ. నచ్చనివాళ్ళను చూస్తే పైపెదవి దానంతట అదే వంకర పోతుంది. "ఆ పెదవి వల్లే నీకు పెళ్ళి కాదే" అని వాళ్ళమ్మ తిట్టేది. పెళ్ళయింది గానీ పెదవి మాత్రం మారలేదు.

"చదువెక్కడ?" అన్నాడు సియామక్.

"అహ్వాజ్‌లోనే."

చావు కబురు విన్నట్టు కళ్ళు మూసుకున్నాడతను. "టెహ్రాన్ కాదన్నమాట. సరే, మార్కులు?"

"ఇరవైకి పదిహేడు."

"గ్యాప్ ఎన్నేళ్ళు?"

"గ్యాప్ ఏమీ లేదు. ఉద్యోగం చేశాను."

"ప్రొఫెసర్ల లెక్కలో దాన్నే గ్యాప్ అంటారు, గుల్నార్ ఖానుం. మీరు మట్టి పోయించారా, ఇసుక బస్తాలు మోయించారా అన్నది వాళ్ళకక్కర్లేదు. పేపర్లున్నాయా, పేపర్లు?"

"బస్తాలు మోయించడమే కాదు, నేనూ మోశాను."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. సియామక్ పెద్దమనసు చేసుకుని చెయ్యెత్తాడు. "నవ్వకండ్రా. వినండి ఖానుం. ప్రొఫెసర్ రాసిన పేపర్లలో ఓ మూడింటి పేర్లు వెతకండి. మీ పరిశోధన నన్నెంతో కదిలించింది అని మెయిల్ పెట్టండి. చదవాలా అని మాత్రం అడక్కండి. ఎవరూ చదవరు."

"చదవకపోతే కదిలేది ఎలా?"

"అబ్బా, పెజ్మాన్! మీ ఆవిడతో వేగడం కష్టమేనోయ్!" అని సియామక్ అంటే అందరికంటే ముందు నవ్వింది పెజ్మానే.

ఇంటికి వస్తూ ఆమె ఒక్కటే అంది. "అంత టీ ఎలా తాగుతాడో. ఏ పనీ లేని కడుపు కాబోలు."

ఆమె మాత్రం చదివింది. సియామక్ ఉన్న యూనివర్సిటీలోనే లిండ్‌గ్రెన్ అనే ప్రొఫెసర్ ఉన్నాడు, అతను పని చేసేదీ ఆయన దగ్గరే. నదిలో మంచు దిమ్మలు పేరుకుని నీరు ఎగదన్నడం గురించి ఆయన రాసినవన్నీ కూర్చుని చదివింది. ఒకచోట ఆయన లెక్క మెత్తటి మట్టి కట్టలకు సరిపోదనిపించి, ఆ మాటే రాసింది. మర్నాడే ఆయన రమ్మన్నాడు. గంటసేపు కూర్చోబెట్టి, బొమ్మలు గీయించి, కారూన్ వరదలో కట్ట ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో అడిగి తెలుసుకున్నాడు. "దరఖాస్తు పెట్టండి. నా వైపు నుంచి ఏ అడ్డూ లేదు" అన్నాడు.

ఆ శీతాకాలమంతా ఆమెకు అదే పని. ఇంగ్లీషు పరీక్ష రాసింది. అహ్వాజ్ కాలేజీ నుంచి మార్కుల పట్టీలు తెప్పించి, తర్జుమా చేయించి, ముద్రలు వేయించింది. పగలు బక్లావా పెట్టెలకు రిబ్బన్లు కడుతూ, తనెందుకు చదవాలనుకుంటోందో చెప్పే రెండు పేజీలను మనసులో తిరగరాసుకునేది. ఫిబ్రవరిలో జవాబొచ్చింది. ఈ ఏడాది తమకు తగిన స్థానం లేదట, భవిష్యత్తు బాగుండాలట. లిండ్‌గ్రెన్‌కు రాస్తే ఉలుకూ పలుకూ లేదు.

గుల్నార్ ఏడవలేదు. కానీ సియామక్ చెప్పిందే నిజమేమో, ఆ ఆరేళ్ళూ ఉత్త మట్టి పనేనేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. అది ఆమెను లోలోపల తొలిచేసింది. దుకాణంలో ఎవరైనా "ఏం చేసేవారు అక్కడ?" అని అడిగితే "ఏం లేదు" అనడం మొదలుపెట్టింది.

కొత్త సంవత్సరం నౌరోజ్ మొదలైన పదమూడో రోజు ఇంట్లో ఉండకూడదని ఇరానీల ఆచారం. పార్కులో ఇంకా అక్కడక్కడా మంచు ఉన్నా, జనం కోట్లు తొడుక్కుని పొయ్యిలు ముట్టించారు. కబాబ్ పొగలో, మడత కుర్చీలో, సియామక్ అక్కడా దర్బారు పెట్టాడు.

"లిండ్‌గ్రెన్ ప్రతి ఏడూ మనవాళ్ళ పేర్లన్నీ నా ముందు పెడతాడు, తెలుసా?" అన్నాడు. "వీళ్ళలో పనికొచ్చేది ఎవరు సియామక్, అంటాడు. నా మాట దాటడు. అంతెందుకు, మన గుల్నార్ ఖానుం సంగతే తీసుకోండి."

ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. చేయి ఆగింది. "నా సంగతేమిటి?"

"ఏముంది, ఉన్నమాట చెప్పాను. మొగుడి వెంట వచ్చింది, కాలక్షేపానికి చదువంటోంది, రేపో మాపో పిల్లా పీచూ అంటే మధ్యలో వదిలేస్తుంది, మీకు ఓ చోటు దండగ అన్నాను. మీ మేలుకే లెండి. పీహెచ్‌డీలూ, పరిశోధనలూ అంటే మాటలా? నన్ను చూడండి."

"మిమ్మల్నే చూస్తున్నాను" అంది గుల్నార్. గొంతు హెచ్చలేదు. "ఎనిమిదేళ్ళుగా ఒకే గుమ్మంలో కూర్చున్నారు. లోపలికి పోలేరు, బయటికి రాలేరు. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు అడ్డం పడుతున్నారు. గుమ్మం ముందు పరిచే గోనెపట్టా నయం. కాళ్ళు తుడుచుకోవడానికైనా పనికొస్తుంది."

ఎవరూ నవ్వలేదు. సియామక్ చేతిలో కబాబ్ చల్లారిపోతోంది. "ఆడవాళ్ళతో మంచి మాట్లాడితే ఇదే గతి" అని గొణిగాడు.

"గుల్నార్, వదిలెయ్. పండగ పూట..." అన్నాడు పెజ్మాన్. అతను ఆమె మొహం చూడటం లేదు, బొగ్గుల కేసి చూస్తున్నాడు.

"నీకు ముందే తెలుసు కదూ?"

అతను పుల్లతో బొగ్గులు కదిపాడు. "ఫిబ్రవరిలో చెప్పాడు. వాళ్ళ స్నేహితుడి కంపెనీలో నాకు ఉద్యోగం మాట్లాడుతున్నాడు గదా బంగారం. అది తేలేదాకా గొడవెందుకులే అని..."

సియామక్ మీద ఆమెకు వచ్చింది కోపం. పెజ్మాన్ మీద వచ్చింది అది కాదు. చెప్పులోకి దూరిన తడి మట్టిని చూసినట్టు చూసింది అతన్ని. కత్తి కింద పెట్టి, కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. పెజ్మాన్ ఉల్లిపాయల గిన్నెతో బస్సెక్కి ఇంటికొచ్చాడు.

సోమవారం ఆమె లిండ్‌గ్రెన్ గది తలుపు తట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు. మర్యాదకు లోటు లేని మనిషి.

"చూడండి, మీ దేశం నుంచే నాకు వందల మెయిళ్ళొస్తాయి. మీ కాలేజీలు నాకు తెలియవు. తెలిసినవాళ్ళను అడక్క ఏం చేయను? ఇందులో మీ మీద నాకేమీ లేదు."

"సియామక్ నాతో ఎప్పుడైనా పని చేశాడా?"

"లేదనుకుంటాను."

"నా పని చూశాడా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీరు చూశారు" అంది గుల్నార్. "గంటసేపు నాతో బొమ్మలు గీయించుకున్నారు. ఇక్కడే, ఈ బల్ల మీదే. మీ కళ్ళతో చూసింది చాలక, ఇంకోడి నోటిని నమ్మారు. నాకు పిల్లలెప్పుడో కూడా అతన్నే అడిగారు."

"వచ్చే ఏడు మళ్ళీ పెట్టండి, ఈసారి నేనే స్వయంగా..."

"అక్కర్లేదు. కట్ట తెగాక అక్కడ నీళ్ళున్నాయని కనిపెట్టేవాళ్ళను అహ్వాజ్‌లోనే చాలామందిని చూశాను."

ఆ వసంతం ఆమె ఇంకొన్నిచోట్ల దరఖాస్తు పెట్టింది. హాలిఫాక్స్‌లో ఒక మహిళా ప్రొఫెసర్, నీ గురించి ఎవర్ని అడగమంటావ్ అంటే, గుల్నార్ తన పాత పైఅధికారి డెహ్‌దష్తీ పేరిచ్చింది. ఆయన మహా చండశాసనుడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్లో అరిచి చెప్పాడట: "పోట్లాడుతుంది! రోజూ పోట్లాడుతుంది! కట్టల విషయంలో మాత్రం ఆమె పోట్లాట వినండి. నేను వినలేదు, ఊరు మునిగింది." ఆ ప్రొఫెసర్ ఈ మాట చెప్పి పడీ పడీ నవ్వింది, సీటు ఇచ్చింది.

పెజ్మాన్‌కు సియామక్ స్నేహితుడి కంపెనీలో ఉద్యోగం రానేలేదు. ఆ స్నేహితుడు ఉన్నాడో లేడో కూడా ఎవరికీ తెలియదు. గుల్నార్ ఆగస్టులో ఒంటరిగా హాలిఫాక్స్ వెళ్ళింది. చలికాలం మొదట్లో పెజ్మాన్ పెట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "రా" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఇద్దరూ కలిసే ఉన్నారు. అతను మంచివాడేనని ఆమె ఒప్పుకుంటుంది. ఒక విషయం మీద నిర్ణయం తీసుకోవాల్సి వస్తే మాత్రం అతన్ని అడగదు, తీసుకున్నాక చెబుతుంది. అతను సరేనంటాడు. ఆ సరే వినబడగానే ఆమె పెదవి కొంచెం వంకర పోతుంది.

చదువయ్యాక న్యూ బ్రన్స్‌విక్‌లో నది వరదలు చూసే ఆఫీసులో చేరింది. ఏటా మంచు కదిలే రోజుల్లో రబ్బరు బూట్లతో ఒడ్డున ఉంటుంది. కింద పనిచేసేవాళ్ళు ఆమెకు భయపడతారు. ఆమెకు అదేమీ బాధగా ఉండదు.

సియామక్ ఏమయ్యాడని అడిగేవాళ్ళకు ఆమె ఓపిగ్గానే చెబుతుంది. పదో ఏట ఎలాగో పీహెచ్‌డీ గట్టెక్కించుకున్నాడు. యంగ్ వీధిలోనే మేడ మీద గది తీసుకుని, విదేశీ విద్యార్థులకు సీట్లు ఇప్పించే సలహాదారునని బోర్డు పెట్టాడు. ఖరీదైన కోటు, నున్నటి గడ్డం. బయట వరండాలో పిల్లలు వరుసగా కూర్చుని ఉంటారట.

"ఒక్కసారి వెళ్ళి వాళ్ళకు చెప్పొద్దూ, వాడి సంగతి?" అంది ఓసారి చెల్లెలు ఫోన్లో.

"చెప్పాను. కిందటేడు వెళ్ళినప్పుడు మెట్ల దగ్గరే ఒక పిల్లకు చెప్పాను. మీరు అహ్వాజ్ నుంచా, ఓహో, అందుకే ఆయన మీకు సీటు ఇప్పించలేకపోయాడన్నమాట, అంది."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? పక్కకు జరిగి దారిచ్చాను. ఎక్కింది."