షోహమ్‌కు దొరికిన రాయి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఈ సంగతిని అందరూ ఒకేలా చెప్తారు: "మేడమ్ నోటికి జడిసి పులివెందులామె లొంగిపోయింది" అని. శుద్ధ అబద్ధం. ఆ రోజు నా నోరు ఓడిపోయింది. గెలిచింది రాయి.

2019. జియాలజీలో ఎమ్మెస్సీ చేసిన నేను ఒక నగల అంగట్లో రాళ్లు పరీక్షిస్తున్నాను. జమ్మలమడుగు అమ్మాయి రూతు చంకలో పసికొడుకుతో వచ్చింది. వెంట అత్త ఓబులమ్మ. పులివెందుల దగ్గర గొర్రెలూ చీనీ బత్తాయిల తోటా ఉన్న హిందూ కుటుంబం ఆమెది. బిడ్డ పేరు షోహమ్. హీబ్రూలో అదొక రత్నం పేరు. రూతువాళ్ల పరిశుద్ధ గ్రంథం బైబిల్లో ఒక మనిషి పేరు కూడా.

ఆ రత్నాన్ని తెలుగు బైబిల్లో ఒకచోట గోమేధికం అన్నారు, ఇంకోచోట లేతపచ్చ అన్నారు. బిడ్డ మెడలోకని రూతు అంతకుముందే మా దగ్గర గోమేధికం కొన్నది. మావైపు జాతిరాయిని కొన్న వెంటనే ధరించరు. గుడ్డలో కట్టి మూడు రోజులు తలకింద పెట్టుకుని, పడుతుందో లేదో చూస్తారు. ఓబులమ్మ దాన్ని ఉయ్యాలకు కట్టింది. మొదటి రోజే బిడ్డకు జ్వరం.

"రాహువు రాయమ్మా అది! ఆ పేరుతో పిలుస్తాంటే గ్రహాన్ని పిలిచినట్టు గాదా? నీ రాయి నువ్వు తీసుకో. ఆదివారం పేరు గూడా మారుస్తాండాం" అంది ఓబులమ్మ.

రూతు కళ్లలో నీళ్లు. "కడుపుతో ఉన్నప్పుడే అనుకున్న్యా మేడమ్ ఆ పేరు."

"ఆ పొద్దు టీకా ఏమైనా వేయించారా?" అని నిలదీశాను.

"వేయించినాం" అంది రూతు.

"చూడు మరి!"

"ఏంది చూసేది? సూది ఊర్లో పిల్లోళ్లందరికీ ఏసినారు. జరమొచ్చింది మావానికే" అంది ఓబులమ్మ. నా ఎమ్మెస్సీ అంతటితో సరి.

అప్పుడు అడగాల్సిన మాట తోచింది. "రూతూ, ఆ షోహమ్ రాయితో మీవాళ్లు ఏం చేశారు?"

"రెండు రాళ్ల మీద ఆరారు గోత్రాల పేర్లు చెక్కి, పెద్ద పూజారి భుజాల మీద పెట్టినారు."

చెక్కడం పని చేసే మస్తాన్ అన్నను పిలిచాను. అంచు విరిగిన గోమేధికం ఒకటి ఇస్తే, వజ్రపు మొన ఉన్న డైమండ్ పాయింట్‌తో ఒక అక్షరం చెక్కాడు. అక్షరం ఉంది, కానీ తేనెరంగులో కలిసిపోయి కనబడదు. తర్వాత ఓనిక్స్ ఇచ్చాను. పొరల రాయి అది, పైన నలుపు, కింద తెలుపు. మస్తాన్ అన్న చెయ్యి కదిలేకొద్దీ నల్లరాతి మీద 'షో' పాలగీతలా తేలింది.

"పదిమందికీ పేరు కనబడాలంటే ఏది వాడతారు ఓబులమ్మా? ఇది నవరత్నాల్లోనే లేదు. ఏ గ్రహమూ దీని జోలికి రాదు" అన్నాను. షోహమ్ అంటే ఏ రాయో పండితులు ఇంకా వాదించుకుంటున్నారని, ఎక్కువమంది ఓనిక్స్ వైపే ఉన్నారని కూడా చెప్పాను. దాచిపెట్టి గెలవడం నాకు చేతకాదు.

ఆమె నా మాట విననేలేదు. రాతిని వేలితో తడుముతోంది. "మా గొర్రెల చెవికి కోసే గుర్తు మాదిరి ఉండాది. ఇది చెరగదు గదప్పా?"

"మనం పోయినా ఇది పోదు" అన్నాడు మస్తాన్ అన్న.

"అట్లయితే పేరు పూర్తిగా చెక్కు. ఎనకపక్క నా పేరు గూడా ఎక్కియ్యి. పేర్లు మోసేదానికే గదా రాయి. మావాడు నన్ను గూడా మోయనీ, దొంగనాకొడుకు!"

రూతు ఏడుస్తూనే నవ్వింది. "చూసినారా మేడమూ, మీరు నోరు మూసుకుంటే పని ఎంత బిరీన అయితాదో" అన్నాడు మస్తాన్ అన్న. ఇప్పుడు పులివెందుల బడిలో హాజరు పిలిస్తే ఒకడు షోహమ్ అనే పేరుకే పలుకుతున్నాడు.

రాతి పేరు తేలనప్పుడు రంగొక్కటే చూడకూడదు, మనుషులు దానితో ఏం పని చేయించుకున్నారో అడగాలి. ఆ రోజు నేర్చుకున్నది అదే. కానీ ఒకటి ఇప్పటికీ తేలలేదు. ఆ గ్రంథంలో షోహమ్ అనే మనిషి ఒక్కసారి కనబడి పోతాడు. వాళ్లమ్మ ఏ రాయి చేతిలో పట్టుకుని ఆ పేరు పెట్టిందో ఎవరైనా చెప్పగలరా?